అడుగంటిన జావ, మజ్జిగ, వెన్నముద్ద: పీట్ ఊబిలో దొరికిన పాతకాలపు మనుషుల గురించి

ఏటిగట్టు:

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత కొత్త చర్చ మొదలుపెడుతున్నాను.

నేను డెన్మార్క్‌లో, ఆర్హుస్‌లో ఉంటాను. నాన్న మొదటిసారి మా దగ్గరికి వచ్చారు. నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. ఆయనకి కోటలూ, షాపులూ పెద్దగా పట్టవు. అందుకే పోయిన శనివారం సిల్కెబోర్గ్ మ్యూజియానికి తీసుకెళ్లి టొల్లుండ్ మనిషిని చూపించాను.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1950 మే నెలలో సిల్కెబోర్గ్ దగ్గరి ఊబి నేలలో ఒక కుటుంబం వాళ్లు పొయ్యిలోకి పీట్ కోసుకుంటున్నారు. పీట్ అంటే నీళ్లలో కుళ్లీ కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుపోయిన నాచు, గడ్డి. దాన్ని ఇటుకల్లా కోసి, మన పిడకల్లాగే ఎండబెట్టి మంటకి వాడేవాళ్లు. రెండు మీటర్లకు పైగా లోతులో ఒక ముఖం బయటపడింది. ఈమధ్యే ఎవర్నో చంపి పూడ్చేశారనుకుని పోలీసులకి కబురు పెట్టారు. పోలీసులు పురావస్తు శాస్త్రవేత్త పి.వి. గ్లోబ్‌ని పిలిపించారు. తీరా చూస్తే ఆ మనిషి క్రీ.పూ. 405–380 మధ్య చనిపోయినవాడు. గడ్డం మీద మాసిన వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, నెత్తిన గొర్రెతోలు టోపీ. మెడకి అల్లిన తోలు తాడు.

నాన్న ఆ ముఖం ముందు చాలాసేపు నిలబడ్డారు. "పొలం నుంచి వచ్చి కాసేపు నడుం వాల్చినట్టున్నాడమ్మా" అన్నారు.

తర్వాత ఆయన చివరి భోజనం గురించి నేను చదివి చెప్పాను. 2021లో కడుపులోని పదార్థాన్ని మళ్లీ పరీక్షించారు. దాదాపు 85 శాతం బార్లీ, 5 శాతం అవిసె గింజలు, 9 శాతం పర్సికేరియా అనే కలుపు మొక్క గింజలు, కాస్త చేప. చనిపోవడానికి 12 నుంచి 24 గంటల ముందు తిన్నాడు. కలుపు గింజల మాట వినగానే నాన్న, "అది ఎవరో ఏరుకొచ్చిన గింజ కాదు, కళ్లంలో తూర్పారబడితే కింద మిగిలే తాలూ తప్పా" అన్నారు. నేను అప్పటికి ఇంకా ఆ పేరా పూర్తి చేయలేదు. పరిశోధకులూ అదే మాట అన్నారు! ఆ గింజలతో పాటు ఇసుక రేణువులు, బొగ్గు ముక్కలు ఉన్నాయట, కళ్లంలో నూర్పిళ్ల తర్వాత మిగిలే చెత్తలాగే. దాన్ని కావాలనే జావలో కలిపారేమోనని వాళ్ల అనుమానం.

ఇంకొకటి. ఆ జావలో మాడిన పొరల ముక్కలు దొరికాయి. అంటే మట్టికుండలో వండితే కొంచెం అడుగంటింది. 2,400 ఏళ్ల కిందటి అడుగంటిన జావ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎలా చచ్చిపోయారన్నది అందరూ మాట్లాడతారు. ఎలా బతికారో మాట్లాడుకుందామా? మీకు తెలిసినవి, చూసినవి రాయండి.

చెరువుకట్ట:

అక్కా, ఎంత బాగా రాశారు! నేను డిగ్రీ రెండో సంవత్సరం. నాకో డౌట్. మా ఊళ్లో చెరువులో ఏది పడినా నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది. అక్కడ చర్మం, వెంట్రుకలు, గోళ్లు కూడా అలాగే ఎలా ఉన్నాయి? కొన్ని ఫోటోల్లో ఎముకలు అసలు కనిపించవు, మనిషి తోలుసంచిలా ఉంటాడు. ఎముక కదా గట్టిది?

రాతిగూడు:

చెరువుకట్ట, మంచి ప్రశ్న అడిగావు. నేను చరిత్ర పాఠం చెప్తాను, కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. అయినా దీని మీద చదివింది చెప్తాను.

ఎత్తు ఊబుల్లో స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. వాటికి వాననీళ్లే ఆధారం, వాగూ వంకా ఏదీ కలవదు. ఆ నాచు చుట్టూ ఉన్న నీటిని పుల్లగా, అంటే ఆమ్లంగా మార్చేస్తుంది. పైగా చలిదేశం. నీరు కదలదు కాబట్టి లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి పని చేసే వీలే లేదు. దీనికి తోడు నాచు చచ్చి కరిగేటప్పుడు స్ఫాగ్నాన్ అనే పదార్థం వదులుతుంది. అది చర్మంలోని ప్రోటీన్‌తో కలిసి దాన్ని తోలులా మార్చేస్తుంది. వెంట్రుకలు ఎర్రబడేది కూడా ఊబి వల్లే. వాళ్లందరూ ఎర్రజుట్టు మనుషులని అనుకోకూడదు.

ఎముకలో ఉండేది ప్రధానంగా కాల్షియం లవణం. పుల్లటి నీళ్లలో అది కరుగుతుంది. కోడిగుడ్డుని వెనిగర్‌లో వేసి రెండు రోజులు ఉంచి చూడు, పెంకు పోయి మెత్తటి సంచి మిగులుతుంది. అదే లెక్క. సున్నపు నీళ్లు ఊరే చిత్తడి నేలల్లో దీనికి తలకిందులు. అక్కడ ఎముకలు మిగులుతాయి, చర్మం పోతుంది.

తంగేడుపూలు:

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాసింది తక్కువ. రాతిగూడు సార్ "తోలులా మార్చేస్తుంది" అన్న చోట ఆగిపోయాను.

మా తాత తోలు పని చేసేవాడు. ఊరి బయట తోళ్లు నానబెట్టే లందలు ఉండేవి. పచ్చి తోలుకి ముందు సున్నం పెట్టి వెంట్రుకలు గీకేవారు. తర్వాత తంగేడు చెక్క దంచి, ఆ నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారు. చెక్కలోని వగరు తోలుకి పడితే ఇక అది కుళ్లదు, నీళ్లలో తడిసినా పాడవదు. ఎర్రటి గోధుమ రంగు వస్తుంది. చిన్నప్పుడు నేను లంద దగ్గర కూర్చుని చూసేవాణ్ణి. ఆ నీళ్ల రంగు చిక్కటి టీ డికాక్షన్‌లా ఉండేది. ఏటిగట్టు గారూ, ఊబి నీళ్ల రంగు ఎలా ఉంటుందో చెప్పగలరా?

ఏటిగట్టు:

తంగేడుపూలు గారూ, మీరు చెప్పినట్టే, డికాక్షన్ రంగే. గాజు గ్లాసులో తీసుకుంటే బంగారు గోధుమ రంగు, గుంటలో చూస్తే నలుపు.

మీ తాతగారి పని గురించి చదివాక టొల్లుండ్ మనిషి ముఖం మళ్లీ గుర్తొచ్చింది. మీరింకా రాయండి.

తంగేడుపూలు:

థాంక్స్ అండి. నాకు అర్థమైంది ఇది: మా తాత చేతులతో చేసిన పనిని అక్కడ నాచు తనంతట తాను చేసింది. మా వాళ్ల పనిని ఊరు ఎప్పుడూ తక్కువగానే చూసింది. కానీ ఆ మనిషి ముఖం ఈరోజు మనకి కనబడుతోందంటే కారణం అదే పని. ఇది మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పోస్ట్‌మార్టం గది:

నేను ఫోరెన్సిక్ డాక్టర్‌ని, కోస్తాలో ప్రభుత్వ ఉద్యోగం. ఏటిగట్టు గారు బతుకు గురించి మాట్లాడదామన్నారు, సరే. కానీ చావు గురించి ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను, అది బతికినవాళ్ల గురించి కూడా చెబుతుంది కాబట్టి.

టొల్లుండ్ మనిషి మెడ మీద తాడు ఒరిపిడి గడ్డం కింద, పక్కల మీద ఉంది. మెడ వెనక లేదు. ఉరిలో సాధారణంగా కనబడే గుర్తు అదే. నాలుక ఉబ్బి ఉంది. మెడ వెన్నుపూసలు విరగలేదు. కాబట్టి ఉరి అన్నదాంట్లో పెద్ద అనుమానం అక్కర్లేదు.

నేను ఉరి కేసులు చాలా చూశాను. ఆ ముఖాలు అంత ప్రశాంతంగా ఉండవు. కళ్లూ నోరూ వాటంతట అవి అంత చక్కగా మూసుకోవు. ఎవరో తాడు కోసి దించారు. కళ్లు మూశారు, నోరు మూశారు. కాళ్లు ముడిచి, పక్కకి తిప్పి, పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు. దొంగని శిక్షించి పారేసే వాళ్లు ఇంత చేయరు. చంపినవాళ్లే ఆయన్ని గౌరవించారు. ఈ రెండూ ఒకే చేతులతో ఎలా చేశారన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న.

పేగుల్లో ఇంకో సంగతి కూడా దొరికింది: బద్దె పురుగు, కొరడా పురుగు, ఏలికపాము, మూడింటి గుడ్లూ ఉన్నాయి. సరిగ్గా ఉడకని మాంసం తిన్నాడు, మలం కలిసిన నీళ్లు తాగాడు. ఆ ఊళ్లో ఆయన ఒక్కడికే ఉండి ఉండవు. పిల్లలకి కడుపునొప్పులు ఎంత మామూలో ఊహించుకోండి.

లిఫీ ఒడ్డు:

డబ్లిన్ నుంచి. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పని, ఇల్లు కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియానికి నడిచి వెళ్లేంత దూరం. ఎంట్రీ ఫ్రీ. బంధువులు ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాను. నాలుగు ఊబి దేహాలు ఉన్నాయి. ఒక్కొక్కటీ గుండ్రంగా తిరిగిన గోడల మధ్య, వేరే వేరే చోట్ల. దారిన పోతూ చూసేలా పెట్టలేదు. చూడదలచుకున్నవాళ్లే లోపలికి నడిచి వెళ్లాలి. అది నాకు చాలా నచ్చింది.

వాటిలో రెండిటి గురించి చెప్పాలి. రెండూ 2003లోనే దొరికాయి.

మొదటాయన క్లోనికేవన్ మనిషి, పీట్ తవ్వే మెషిన్‌కి చిక్కి బయటపడ్డాడు. నడుము నుంచి కింద లేదు. ఎత్తు తక్కువ, అయిదడుగుల రెండంగుళాలని అంచనా. జుట్టు పైకి దువ్వి నిలబెట్టుకున్నాడు, దానికి పూత రాసుకున్నాడు. ఆ పూతని పరీక్షిస్తే మొక్కల నూనె, పైన్ చెట్టు బంక కలిసి ఉన్నాయి. ఆ బంక నైరుతి ఫ్రాన్స్ లేదా ఉత్తర స్పెయిన్ వైపు నుంచి వచ్చి ఉండాలి. క్రీస్తుకి రెండు మూడొందల ఏళ్ల ముందు, సముద్రం దాటి వచ్చిన సరుకు ఈయన తలకెక్కింది. అప్పటికే అంత దూరం వ్యాపారం ఉంది, కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్లూ ఉన్నారు.

రెండో ఆయన ఓల్డ్ క్రోగన్ మనిషి. తల లేదు, పొట్ట కింద భాగం లేదు. చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. చేతుల కొలతని బట్టి ఆరడుగుల మూడంగుళాల పైమాటే. ఆ చేతుల్ని చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. వేళ్ల మీద గీతలు, గోళ్ల కింద మెత్తటి చర్మం, అన్నీ తెలుస్తున్నాయి. గోళ్లు చక్కగా ఉన్నాయి, అరచేతుల్లో కాయలు కాయలేదు. నాగలి పట్టిన చేతులు కావవి.

గోళ్లని పరీక్షించి, చివరి నాలుగు నెలలూ మాంసం బాగా తిన్నాడని చెప్పారు. కానీ ఆఖరి భోజనం ఏంటో తెలుసా? ధాన్యం, మజ్జిగ! మా అమ్మ ఈ బోర్డు చదివించుకుని, "అయ్యో, మజ్జిగన్నం తినిపించి పంపారా" అంది. ఇక్కడి వాళ్లు ఎవరూ ఆ మాట అనుండరు. మాకు మాత్రం మజ్జిగ అంటే భోజనం అయిపోవడమే కదా.

సత్తుగిన్నె:

లిఫీ ఒడ్డు గారూ, మీ అమ్మగారి మాట చదివి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పాడి మాట వచ్చింది కాబట్టి ఐర్లండ్ ఊబి వెన్న గురించి ఎవరైనా చెప్తారని చూస్తున్నాను. ఎవరూ చెప్పకపోతే నేనే చెప్తా. అక్కడ ఊబుల్లో వందల చోట్ల వెన్న ముద్దలు దొరికాయి. చెక్క గిన్నెల్లో, పీపాల్లో, కొన్ని ఊరికే తోలులోనో బెరడులోనో చుట్టి. 2009లో కిల్డేర్ జిల్లాలో దొరికిన పీపాలో 35 కిలోల వెన్న ఉంది, దాని వయసు దాదాపు మూడు వేల ఏళ్లు. తెల్లగా, మైనంలా మారిపోయింది. కొన్ని ముద్దలు జంతువు కొవ్వేమోనని పాత అనుమానం ఉండేది. 2019లో వచ్చిన పరిశోధనలో పరీక్షించిన వాటిలో చాలావరకు పాల కొవ్వేనని తేలింది. అన్నిటికన్నా పాతది సుమారు 3,500 ఏళ్ల నాటిది.

ఎందుకు పాతిపెట్టారన్నదానికి రెండు మాటలున్నాయి. ఫ్రిజ్ లేని రోజుల్లో చల్లటి చోటని దాచుకున్నారన్నది ఒకటి, దేవుడికి ఇచ్చారన్నది రెండోది. నా మటుకు నాకు దాచుకున్నారనే అనిపిస్తుంది. 35 కిలోల వెన్న అంటే ఎన్ని పశువుల పాలు, ఎన్ని రోజుల చిలకడం! ఆ ఇంటి ఆడవాళ్ల భుజాలు నాకు కనబడుతున్నాయి. అంత కష్టపడి తీసింది మళ్లీ తీసుకోకుండా ఎందుకు వదిలేస్తారు? తీసుకోవాల్సిన మనిషికి ఏదో అయ్యుంటుంది.

రాతిగూడు:

సత్తుగిన్నె గారూ, రెండూ నిజమై ఉండొచ్చు. ఒకే కాలంలో కాకపోయినా వేరే వేరే కాలాల్లో. మూడు వేల ఏళ్ల పాటు ఒక పని ఒకే కారణానికి చేశారనుకోవడం కష్టం.

ఐర్లండ్ నేషనల్ మ్యూజియంలో పనిచేసిన ఈమన్ కెల్లీ ఒక వాదన చేశారు. అక్కడి ఊబి దేహాలు చాలావరకు పాత రాజ్యాల సరిహద్దుల మీద దొరికాయి. కరువొస్తే, పంట పోతే రాజు విఫలమైనట్టే, అతణ్ణి భూదేవికి బలిచ్చి సరిహద్దులో పెట్టారని ఆయన అంటారు. ఓల్డ్ క్రోగన్ మనిషి చనుమొనలు కోసి ఉండటం, మెత్తటి చేతులు, చేతికి తోలు పట్టీ, ఇవన్నీ ఆయన ఆధారాలు. ఒప్పుకోనివాళ్లు కూడా ఉన్నారు. నాకు సగం నమ్మకం. సరిహద్దు మాట బాగా కుదిరింది, కానీ మెత్తటి చేతులున్న ప్రతివాడూ రాజు కాదు.

ఎందుకలా:

నేను సగం కూడా నమ్మను. ఈ ఊబి మనుషుల విషయంలో పండితులు ఎన్నిసార్లు తప్పటడుగు వేశారో చూడండి.

1835లో డెన్మార్క్‌లో హారాల్డ్‌స్కేర్ దగ్గర ఒక స్త్రీ దేహం దొరికింది. కథల్లో ఊబిలో ముంచి చంపిన గున్‌హిల్డ్ రాణి అని తేల్చేశారు. రాజుగారు చెక్కిన ఓక్ పేటిక ఇచ్చారు, చర్చిలో పెట్టారు. 1977లో కార్బన్ పరీక్ష చేస్తే క్రీస్తుకి ముందు ఐదో శతాబ్దం అని వచ్చింది. రాణికీ ఆమెకీ వెయ్యేళ్లకు పైగా తేడా.

1904లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు ఒకరి పక్కన ఒకరు దొరికితే భార్యాభర్తలన్నారు. ఇద్దరూ మగవాళ్లే.

ఇంకా ఘోరం జర్మనీలో 1952లో దొరికిన విండెబీ దేహం. పద్నాలుగేళ్ల అమ్మాయి, తప్పు చేసిందని గుండు గీసి, కళ్లకి గంతలు కట్టి ముంచేశారన్నారు. కొన్ని మీటర్ల దూరంలో దొరికిన మగ దేహం ఆమె ప్రియుడన్నారు. ఇదంతా రోమన్ రచయిత టాసిటస్ రాసిన మాటల మీద కట్టిన కథ. చివరికి తేలింది, ఆమె అమ్మాయే కాదు, పదహారేళ్ల అబ్బాయి. ఎముకల్లో అనారోగ్యం గుర్తులున్నాయి, జబ్బుతోనే పోయి ఉండొచ్చు. ఆ "ప్రియుడు" అంతకు సుమారు మూడొందల ఏళ్ల ముందువాడు. యాభై ఏళ్లు ఒక పిల్లాడి మీద లేని నింద వేశారు. చనిపోయినవాళ్లు జవాబు చెప్పుకోలేరు కదా, అందుకే నాకు కోపం.

టాసిటస్ రాసింది క్రీ.శ. 98లో. టొల్లుండ్ మనిషి పోయి అప్పటికి దాదాపు ఐదొందల ఏళ్లు. శ్రీకృష్ణదేవరాయల నాటి ఊరి ఆచారం గురించి ఇవాళ వేరే దేశంలో కూర్చున్నాయన రాస్తే ఎంతవరకు నమ్ముతాం?

పోస్ట్‌మార్టం గది:

ఎందుకలా గారి కోపం న్యాయమైనదే. శవం మీద ముందే కథ రాసుకుని తర్వాత పరీక్ష చేయడం మా వృత్తిలో కూడా పెద్ద తప్పు.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది. 1983లో ఇంగ్లండ్‌లో లిండో మాస్ అనే ఊబిలో ఒక స్త్రీ పుర్రె భాగం దొరికింది. ఆ పక్కనే ఉండిన ఒకతని భార్య ఇరవై ఏళ్లకు పైగా కనబడట్లేదు. పుర్రె సంగతి తెలిసి, ఇక దొరికిపోయాననుకుని, తానే చంపానని అతను ఒప్పేసుకున్నాడు. తీరా పుర్రెని పరీక్షిస్తే అది దాదాపు 1,700 ఏళ్ల నాటిది! అప్పటికి అతని ఒప్పుకోలు రికార్డులో ఉంది, శిక్ష పడింది. మరుసటి ఏడు అదే ఊబిలో లిండో మనిషి దొరికాడు, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాడు. తల మీద దెబ్బలు, మెడకి బిగించిన తాడు, కోసిన గొంతు. ఈ కేసులో మాత్రం ప్రమాదం, జబ్బు అనడానికి నాకు నోరు రాదు.

రాతిగూడు:

ఎందుకలా గారూ, జాగ్రత్త అవసరమే. అయితే ఒక మాట. ఆ కాలంలో డెన్మార్క్‌లో చనిపోయినవాళ్లని మామూలుగా దహనం చేసేవాళ్లు. అందర్నీ కాల్చే చోట ఒకర్ని కాల్చకుండా నీళ్లలో పెట్టారంటే ఆ మనిషి విషయం వేరే అన్నమాట. టొల్లుండ్ మనిషికి కొన్ని పదుల మీటర్ల దూరంలోనే 1938లో ఎల్లింగ్ స్త్రీ దొరికింది. ఆమెకీ ఉరే. జడ పొడవు 90 సెంటీమీటర్లు, ఎంతో ఓపిగ్గా అల్లి ముడి వేశారు. అదే చోటు, అదే పద్ధతి. ఇది ఒట్టి యాదృచ్ఛికం అనలేం.

2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో ఐర్లండ్ నుంచి బాల్టిక్ దేశాల దాకా 266 చోట్ల దొరికిన వెయ్యికి పైగా మనుషుల వివరాలు కూర్చారు. ఎక్కువమంది ఉట్టి ఎముకలే. ఎలా పోయారో చెప్పగలిగిన కొద్దిమందిలో హింసే ఎక్కువ. ప్రమాదవశాత్తూ మునిగినవాళ్లు, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు కూడా ఉండి ఉండాలి. ఒక్క కారణం అందరికీ చెల్లదు.

చెరువుకట్ట:

సార్, అదే టైంలో మన దగ్గర ఏం జరుగుతోంది?

రాతిగూడు:

మన దగ్గర ఇనుప యుగమే. ఊళ్లల్లో రాకాసి గుళ్లని పిలిచే పెద్ద బండల సమాధులు ఆ కాలానివే. తెలంగాణ, రాయలసీమ గుట్టల దగ్గర ఇప్పటికీ చాలా ఉన్నాయి. లోపల నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు దొరుకుతాయి. కొన్నాళ్లు తడి, కొన్నాళ్లు ఎండ తగిలే మన నేలలో చర్మం, బట్ట, జడ ఏవీ మిగలవు. నేను విద్యార్థుల్ని అలాంటి ఒక చోటికి తీసుకెళ్లినప్పుడు ఒక అమ్మాయి అడిగింది, "వీళ్లు జుట్టు ఎలా ముడేసుకునేవాళ్లు సార్?" అని. నా దగ్గర జవాబు లేదు. ఎల్లింగ్ స్త్రీ జడ ఫోటో చూపించి, "అదే కాలంలో ఇంకోచోట ఇలా" అని మాత్రం చెప్పాను.

ఫ్లోరిడా పిన్ని:

నేను ఫ్లోరిడాలో ఉంటాను. ఇక్కడి విండోవర్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇది యూరప్ వాటికన్నా చాలా పాతది, ఏడెనిమిది వేల ఏళ్ల నాటిది.

1982లో టైటస్‌విల్ దగ్గర కొత్త కాలనీకి రోడ్డు వేస్తూ ఒక చిన్న మడుగుని తవ్వారు. మెషిన్ నడిపే ఆయనకి బకెట్‌లో పుర్రెలు కనబడ్డాయి. ఆయన పని ఆపాడు. ఆ మనిషికి దండం పెట్టాలి. తర్వాత యూనివర్సిటీ వాళ్లు తవ్వితే 168 మంది బయటపడ్డారు. అక్కడ నీళ్లు పుల్లటివి కావు కాబట్టి ఎముకలు మిగిలాయి. 91 పుర్రెల్లో మెదడు పదార్థం కూడా మిగిలి ఉంది! ఇక్కడ చంపి పారేసింది లేదు. బట్టలో చుట్టి, తేలిపోకుండా చుట్టూ కర్రమేకులు దిగ్గొట్టి, నీళ్ల అడుగున పడుకోబెట్టారు. అది వాళ్ల శ్మశానం. తాటిజాతి నారతో నేసిన బట్ట ఎంత సన్నగా ఉందంటే, మగ్గం లాంటిది ఏదో ఉండేదేమో అని నాకనిపిస్తుంది. సొరకాయ బుర్ర కూడా దొరికింది. మా అమ్మమ్మ ఇంట్లో విత్తనాలు దాచే బుర్ర లాంటిదే.

నాకు అన్నిటికన్నా దగ్గరైంది ఒక పిల్లాడు. పదిహేనేళ్లవాడు. పుట్టుకతోనే వెన్నెముక సరిగ్గా మూసుకోని జబ్బు, స్పైనా బైఫిడా. నడవలేని స్థితి. వేటాడుతూ తిరిగే జనం మధ్య ఆ పిల్లాడు పదిహేనేళ్లు బతికాడంటే ఎవరో మోశారు, ఎవరో తినిపించారు, ఎవరో కడిగారు. మా పెద్దబ్బాయి వీల్‌చెయిర్‌లో ఉంటాడు. ఆ తల్లి ఎన్నిసార్లు ఎత్తుకుని ఉంటుందో నాకు తెలుసు.

సత్తుగిన్నె:

పిన్నీ. ఇంకేం రాయాలో తెలియట్లేదు. బాబుకి మా ఆశీస్సులు.

లిఫీ ఒడ్డు:

పిన్ని గారి పోస్ట్ చదివి ఒక పూట ఏమీ రాయలేకపోయాను.

దారుల గురించి ఒక ముక్క. ఊబి మీద నడవడానికి వేసిన చెక్క బాటలు కూడా అడుగున అలాగే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్‌లో 1970లో కాలువ బాగుచేస్తూ రే స్వీట్ అనే ఆయన ఒక చెక్క ముక్క చూశాడు. ఆయన పేరుతోనే స్వీట్ ట్రాక్ అంటారు. రెండు కిలోమీటర్ల దాకా ఉండే బాట. చెట్టు వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్లు కొట్టింది క్రీ.పూ. 3807–3806 చలికాలంలోనూ వసంతంలోనూ అని చెప్పగలిగారు. ఆరువేల ఏళ్ల కింద ఏ సీజన్‌లో చెట్టు కొట్టారో తెలుస్తోంది! బాట పక్కన ఆల్ప్స్ పర్వతాల రాయితో చేసిన పచ్చటి గొడ్డలి దొరికింది, కొత్తది, ఒక్కసారి కూడా వాడినట్టు లేదు. ఐర్లండ్‌లో కోర్లియా బాట క్రీ.పూ. 148 నాటిది. పెద్ద పెద్ద ఓక్ దిమ్మలు. అంత బరువుకి పదేళ్లలోనే కుంగిపోయింది. ఎన్ని చెట్లు, ఎంతమంది చాకిరీ.

మిద్దెతోట:

వరంగల్ నుంచి. చరిత్ర నాకు పెద్దగా తెలియదు, మొక్కలు తెలుసు. ఇది చదివాక మేడ మీదికెళ్లి నా దగ్గరున్న బస్తా చూశాను. విత్తనాలు మొలకెత్తించడానికి నర్సరీలో కొన్న పీట్ మాస్. బయటి దేశం నుంచి వచ్చిందని రాసుంది. చేతిలోకి తీసుకుని చూస్తే సన్నటి నాచు పోగులు ఇంకా తెలుస్తున్నాయి. పీట్ ఏడాదికి మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుందట. అంటే నా పిడికిట్లో ఉన్నది ఎన్ని వందల ఏళ్లది? ఇలా తవ్వే మెషిన్‌కే కదా క్లోనికేవన్ మనిషి నడుము పోయింది.

ఇంక ఆ బస్తా కొనను. కోనసీమ కొబ్బరి పీచు పొట్టు ఉంది, కోకోపీట్. నీళ్లు బాగానే పడుతుంది, టమాటా నారు నిరుడు దాంట్లోనే పోశాను, బాగా వచ్చింది.

లిఫీ ఒడ్డు:

మిద్దెతోట గారూ, మంచి నిర్ణయం. ఇక్కడ బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థ పెద్ద ఎత్తున పీట్ తవ్వేది. 2021 జనవరిలో తవ్వకం ఆపేస్తున్నామని ప్రకటించింది. ఊబిలో నీళ్లు తీసేస్తే గాలి తగులుతుంది, గాలి తగిలితే అడుగున ఉన్నదంతా కుళ్లడం మొదలవుతుంది. ఇంకా బయటపడనివాళ్లు అలాగే, ఎవరూ చూడకుండానే పోతారు.

ఎందుకలా:

ఒకటి అడగాలి. వీళ్లని అద్దాల పెట్టెలో పెట్టి చూపించడం సరైనదేనా? మన వాళ్లని ఎవరైనా అలా పెడితే ఒప్పుకుంటామా?

తంగేడుపూలు:

నేను చాలా ఆలోచించాను. పాతిపెట్టినవాళ్లు ఆయన్ని ఎవరూ చూడకూడదనే పాతారు. చూడటం తప్పే అనిపిస్తుంది ఒకోసారి. కానీ ఏటిగట్టు గారి నాన్నగారు ఆయన ముందు నిలబడి కళ్లం గురించి మాట్లాడారు. నేను మా తాత గురించి మాట్లాడాను. బొమ్మ చూసి అలా మాట్లాడేవాళ్లం కాదు. చూపించే పద్ధతిలో మర్యాద ఉంటే చాలని నా అభిప్రాయం. చూసేవాళ్లు సెల్ఫీలు దిగకుండా ఉంటే ఇంకా మంచిది.

పోస్ట్‌మార్టం గది:

మా గదిలోకి వచ్చే ప్రతి దేహానికీ మొదట దుప్పటి కప్పుతాం. డబ్లిన్‌లో ఆ గుండ్రటి గోడలు చేస్తున్న పని అదే.

ఏటిగట్టు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత మంచి చర్చ అవుతుందనుకోలేదు. నాన్నకి రోజూ రాత్రి భోజనాల దగ్గర మీ పోస్టులు చదివి వినిపిస్తున్నాను. పిన్ని గారి బాబు గురించి విని మా వాళ్లందరి తరఫునా అడిగానని చెప్పమన్నారు.

నిన్న నాన్న "ఆ జావ వండు, చూద్దాం" అన్నారు. బార్లీ, అవిసె గింజలు ఇక్కడ ఏ కొట్టులోనైనా దొరుకుతాయి. కలుపు గింజలు మాత్రం వేయలేదు. మట్టికుండ లేదు, ఇనుప గిన్నెలో వండాను. అవిసె వల్ల జావ బాగా జిగురుగా, సాగేలా తయారైంది. ఉప్పు వేయబోతే నాన్న ఆపారు, ముందు అలాగే తిని చూస్తానన్నారు. చివర్లో మంట కావాలనే పెంచాను. అడుగంటిన వాసన వచ్చింది. చిన్నప్పుడు అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద పాలు పొంగి మాడితే వచ్చే వాసనకి దగ్గరగా ఉంది.

నాన్న గిన్నె అడుగున గీకి, ఆ మాడు ముక్క నోట్లో వేసుకున్నారు. కాసేపు నమిలి, "చేప కూడా ఉందన్నావు కదా, పక్కన ఉందా, ఇందులోనే ఉడికిందా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "రెండో పూట మిగిలిన చేపపులుసు ముక్క కలుపుకుని ఉంటాడు" అన్నారు. తర్వాత మజ్జిగ పోసుకుని మిగిలిందంతా తాగేశారు.